చక్రాల మీద ఇల్లు... ముందు కాటాకెక్కాలి!

యూట్యూబ్‌లో చూస్తే ఎంత బాగుంటుందో! కారు వెనక తెల్లటి పెట్టెలాంటి ఇల్లు. లోపల మంచం, పొయ్యి, చిన్న ఫ్రిజ్. కొండ అంచున ఆపుకుని కాఫీ తాగుతూ ల్యాప్‌టాప్ ముందు కూర్చున్న జంట. రోజూ ఆఫీసుకు వెళ్ళక్కర్లేని ఉద్యోగాలు వచ్చాక మా వయసువాళ్ళలో చాలామందికి ఈ కల పట్టుకుంది.

మాది ఉమ్మడి ప్రకాశం జిల్లా పడమటి వైపు వెలిగండ్ల. నేను సాఫ్ట్‌వేర్ ఇంజనీర్‌ని. స్నేహితులతో కలిసి ఒక పాత ట్రైలర్‌ని బాగుచేయించే పనిలో ఉన్నాను. ఈ పనిలో దిగాక బాగా తెలిసొచ్చిన సంగతి ఒకటుంది. వీడియోల్లో కనిపించేవి కర్టెన్లూ, దిండ్లూ, రంగు లైట్లూ. దారిలో మన ప్రాణం కాపాడేవి మాత్రం వీడియోల్లో కనిపించవు. అవి ఇరుసు, టైరు, కప్పు, బరువు. ముందు వాటి సంగతి చూసుకుంటేనే మిగతా హంగులు.

బండి మీద బతుకు మనకు కొత్తా?

విహారం కోసమే కట్టించుకున్న తొలి ఇంటి బండ్లలో ‘వాండరర్’ పేరు ముందు చెబుతారు. స్కాట్లాండ్‌కు చెందిన విలియం గోర్డన్ స్టేబుల్స్ అనే డాక్టరు 1885లో బ్రిస్టల్ వ్యాగన్ వర్క్స్‌లో దాన్ని చేయించుకున్నాడు. రెండు గుర్రాలు లాగేవి. అమెరికాలో 1931లో మొదలైన ఎయిర్‌స్ట్రీమ్ కంపెనీ వెండిరంగు ట్రైలర్లు ఈనాటికీ అక్కడి రోడ్ల మీద తిరుగుతున్నాయి. అయితే అక్కడ కూడా అందరూ సరదాకే ట్రైలర్ ఎక్కలేదు. 2008 ఆర్థిక మాంద్యం తర్వాత ఇళ్ళు పోగొట్టుకున్న పెద్దవాళ్ళు వ్యాన్లలో బతుకుతూ ఊరూరా పనులకు తిరిగారు. జెస్సికా బ్రూడర్ 2017లో వాళ్ళ మీద రాసిన ‘నోమాడ్‌ల్యాండ్’ పుస్తకమే సినిమాగా వచ్చి 2021లో ఉత్తమ చిత్రంగా ఆస్కార్ అందుకుంది.

మన దగ్గరా అంతే. మార్కాపురం, గిద్దలూరు, కనిగిరి పల్లెల్లో రోడ్డు మీద బతకడం అవసరం కొద్దీ వచ్చిందే. బోరు వేయడానికి తిరుచెంగోడు నుంచి వచ్చే రిగ్గు లారీల కుర్రాళ్ళు నెలల తరబడి ఆ లారీ దగ్గరే వండుకుని, ఆ పక్కనే పడుకుంటారు. మిరప కోతల కాలంలో మా వైపు నుంచి కుటుంబాలకు కుటుంబాలు గుంటూరు, పల్నాడు చేలకు వెళ్ళి పట్టాలు కప్పిన గుడిసెల్లో ఉంటాయి. ఒక బిందె నీళ్ళు ఎన్ని పనులకు సర్దాలో, ఎండ ఏ వేళకు ఎటు తిరుగుతుందో వాళ్ళకు తెలిసినంతగా ఏ వీడియో చెప్పలేదు.

కాగితాల సంగతి మొదట

‘తెలిసిన వెల్డింగ్ షాపులో ఒక పెట్టె చేయించి కారుకు తగిలిస్తే పోలా?’ అని అడిగేవాళ్ళు చాలామంది. పోదు. ట్రైలర్ కూడా చట్టం దృష్టిలో వాహనమే. దానికీ ఆమోదం, రిజిస్ట్రేషన్ ఉండాలి. కేంద్రం 2004లో ఇచ్చిన వాహనాల జాబితాలో సొంత వాడకపు క్యాంపర్ వ్యాను, ట్రైలర్ అన్న రకం ఉంది. ఇంజను ఉన్న మోటారు క్యారవాన్లకు ఏఐఎస్-124 అనే ప్రమాణం ఉంది.

కొన్న తర్వాత ఇష్టమొచ్చినట్టు కోసి అతకడం కూడా కుదరదు. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం కంపెనీ ఇచ్చిన అసలు వివరాలకు భిన్నంగా బండిని మార్చకూడదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా ఇదే గట్టిగా చెప్పింది. లోపల మంచం, అల్మరా మార్చుకోవడం ఒక ఎత్తు. ఛాసిస్ పొడవు పెంచడం, ఇరుసు మార్చడం మరో ఎత్తు. రెండో రకం పనికి ముందు ఆర్టీవో ఆఫీసులోనూ, ఇన్సూరెన్స్ వాళ్ళ దగ్గరా అడిగి తీరాలి. లేకపోతే ప్రమాదం జరిగిన రోజు క్లెయిము దగ్గర ఇబ్బంది పడతాం.

మీ కారు ఎంత బరువు లాగగలదో దాని మాన్యువల్‌లో చూడండి. అందులో లేకపోతే కంపెనీని అడగండి. పక్కింటాయన కారు లాగింది కదా అని మనదీ లాగుతుందనుకోవద్దు.

బరువే అసలు లెక్క

మార్కాపురం పలకల లోడు ఎత్తిన లారీ డ్రైవర్‌ని అడగండి, బరువు ఎక్కడ పడిందన్నది ఎంత ముఖ్యమో చెబుతాడు. ట్రైలర్‌కూ అదే సూత్రం. మొత్తం బరువులో 10 నుంచి 15 శాతం ముక్కు మీద, అంటే కారుకు తగిలించే హిచ్ మీద పడాలని సాధారణంగా చెబుతారు. వెయ్యి కిలోల ట్రైలర్ అయితే 100 నుంచి 150 కిలోలు. హిచ్‌కూ కారుకూ కంపెనీ ఇచ్చిన పరిమితి అంతకన్నా తక్కువైతే ఆ పరిమితే లెక్క.

ముక్కు మీద బరువు తగ్గి వెనక పెరిగితే ట్రైలర్ తోక ఊపుతుంది. స్పీడు పెరిగేకొద్దీ ఆ ఊపు పెరిగి కారునే పక్కకు లాగేస్తుంది. అప్పుడు కంగారుపడి కారు బ్రేకు గట్టిగా తొక్కకూడదు, స్టీరింగు అటూ ఇటూ తిప్పకూడదు. స్టీరింగు నిలకడగా పట్టుకుని యాక్సిలరేటర్ మీద నుంచి కాలు తీయాలి. ట్రైలర్‌కు విడిగా బ్రేకు ఉంటే దాన్ని మెల్లగా వేయాలి.

కాబట్టి సామాను మొత్తం సర్దాక, నీళ్ళు నింపాక ఒకసారి కాటాకు తీసుకెళ్ళండి. ముందు ట్రైలర్‌ని విడిగా తూచండి. ముక్కు బరువుకు ఇంకో ఉపాయం ఉంది. చదునైన చోట చక్రాలకు దిమ్మలు పెట్టి, మనుషులు బరువు చూసుకునే మిషన్ మీద చెక్క దుంగ నిలబెట్టి దానిపై ముక్కును ఆనించాలి. చక్రాల మీద ఎంత పడుతోంది, ముక్కు మీద ఎంత పడుతోంది అన్నది తెలిస్తే సగం ప్రమాదం తగ్గినట్టే. బ్యాటరీ, నీళ్ళ ట్యాంకు లాంటి బరువైనవి ఇరుసుకు దగ్గరగా, కిందుగా ఉంచాలి. పై అరల్లో బట్టలు మాత్రమే.

కొత్త వస్తువు ఏది కొన్నా ముందు దాని బరువు రాసుకోండి. మేం ఒక ఎక్సెల్ షీటు పెట్టుకున్నాం. ‘ఇది లేకపోతే ఏమవుతుంది?’ అని అందులో ఒక గడి ఉంది. ఆ గడి నింపేసరికి చాలా వస్తువులు వాటంతటవే లిస్టులోంచి పోతాయి.

చేతితో తాకి చూడాల్సినవి

ట్రైలర్ టైర్లు అరిగేకన్నా ముందే ముసలివైపోతాయి. ఎక్కువ రోజులు ఒకేచోట ఎండలో నిలబడి ఉండటమే కారణం. టైరు పక్కన నాలుగు అంకెలు ఉంటాయి. 2321 అని ఉంటే 2021లో 23వ వారంలో తయారైందని అర్థం. గాడులు బాగానే ఉన్నా ఐదారేళ్ళు దాటితే మార్చడం మేలు. గాలి పొద్దున్నే, టైరు చల్లగా ఉన్నప్పుడు చూసుకోవాలి.

చక్రాల బేరింగులకు ఏడాదికోసారి గ్రీజు పని చేయించండి. ఎడ్లబండి రోజుల్లో కందెన లేకుండా బండి ఊరు దాటేది కాదు. ఇప్పుడూ అంతే. బయల్దేరిన 50 కిలోమీటర్లకు ఒకసారి ఆపి, అరచేయి వెనక భాగంతో రెండు చక్రాల నడిమి బొడిపెలను మెల్లగా తాకి చూడాలి. రెండూ ఒకేలా వెచ్చగా ఉంటే ఫరవాలేదు. ఒకటి మరీ కాలిపోతుంటే అక్కడ బేరింగో బ్రేకో పట్టేస్తోందన్నమాట. అక్కడే ఆగి మెకానిక్‌ని పిలవాలి.

హిచ్ తాళం పడిందా, గొలుసులు ముక్కు కింద ఒకదానికొకటి అడ్డంగా వేశామా, బ్రేకు లైట్లూ ఇండికేటర్లూ పనిచేస్తున్నాయా అన్నవి బయల్దేరిన ప్రతిసారీ చూడాలి. దోర్నాల నుంచి శ్రీశైలం వైపు ఘాట్‌లో దిగేటప్పుడు తక్కువ గేరులోనే దిగండి. బ్రేకు మీదే కాలు పెట్టుకుని దిగితే అది వేడెక్కి పట్టు వదిలేస్తుంది. ఆ రోడ్డులో రాత్రి పూట అడవి గేట్లు మూసేస్తారు. పులుల అభయారణ్యంలో బండి ఆపి రాత్రి ఉంటామంటే ఒప్పుకోరు. ఆ రాత్రి మజిలీ అడవికి ఇవతలే పెట్టుకోవాలి.

ఎండను ఆపితేనే కరెంటు చాలుతుంది

మా వైపు మే నెల ఎండ గురించి చెప్పక్కర్లేదు. రేకు పెట్టెలో కూర్చుంటే పొయ్యి మీద కూర్చున్నట్టే. అందరూ ముందు ఏసీ గురించి అడుగుతారు. లెక్క చూద్దాం.

ఇద్దరు మనుషులు, ఒకరిది ల్యాప్‌టాప్ ఉద్యోగం. బీఎల్‌డీసీ ఫ్యాను 30 వాట్లు, రోజుకు 12 గంటలు. ల్యాప్‌టాప్ 60 వాట్లు, 8 గంటలు. లైట్లు, ఫోన్లు, మోడెం, చిన్న డీసీ ఫ్రిజ్ అన్నీ కలిపితే రోజుకు ఇంచుమించు ఒకటిన్నర నుంచి ఒకటిముప్పావు యూనిట్లు. కప్పు మీద 330 వాట్ల సోలార్ ప్యానెళ్ళు రెండు పెడితే మంచి ఎండ రోజున రెండున్నర యూనిట్లు రావచ్చు. లెక్క సరిపోయింది. అదే ఒక టన్ను ఏసీ రాత్రంతా నడిస్తే ఐదారు యూనిట్లు అడుగుతుంది. దాని కోసం ప్యానెళ్ళు, బ్యాటరీలు పెంచితే మళ్ళీ బరువు దగ్గరికే వస్తాం.

ఇంకో సంగతి. ఎండ ఎక్కువైతే కరెంటు ఎక్కువ వస్తుందనుకుంటాం. ప్యానెల్ 25 డిగ్రీలు దాటి వేడెక్కేకొద్దీ డిగ్రీకి 0.35 నుంచి 0.4 శాతం దాకా ఉత్పత్తి తగ్గుతుంది. మిట్టమధ్యాహ్నం ప్యానెల్ 65 డిగ్రీలకు చేరితే 15 శాతం దాకా పోయినట్టే. అందుకే ప్యానెల్‌ని కప్పుకు అతికించకుండా కింద గాలి ఆడేలా జానెడు ఎత్తులో బిగించాలి. ఆ నీడ కప్పుకూ మేలు.

బ్యాటరీలో లెడ్ యాసిడ్ చవక. కానీ సగానికి మించి వాడితే త్వరగా పాడవుతుంది. లిథియం ఐరన్ ఫాస్ఫేట్ రకంలో 80 శాతం దాకా వాడుకోవచ్చు, బరువు సగానికన్నా తక్కువ. ఖరీదు ఎక్కువే అయినా ట్రైలర్‌కు అదే నప్పుతుంది. వైరింగులో ఫ్యూజులు, బయటి కరెంటు తగిలించుకునే చోట 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ తప్పనిసరి. రేకు గోడలున్న ఇంట్లో షాకు కొడితే ఇల్లంతా కొట్టినట్టే.

చల్లదనానికి వరస ఇలా పెట్టుకోండి. ముందు కప్పుకు తెల్ల కూల్ పెయింటు. తర్వాత గోడల్లో ఇన్సులేషన్. ఆ తర్వాత పక్కన విప్పుకునే గుడ్డ పందిరి. ఎదురెదురు కిటికీలు. పొడి ఎండ కాసే మా ప్రాంతంలో చిన్న కూలర్ చక్కగా పనిచేస్తుంది, 150 వాట్లతో సరిపోతుంది. కాకపోతే అది నీళ్ళు తాగుతుంది. ఆ నీళ్ళు కూడా మోయాల్సిందే.

వానకు ముందు, అంటే మాకు అక్టోబరు లోపల, కప్పు అతుకుల సీలెంట్ చూసుకోవాలి. కారే నీళ్ళు ఒక చోట దిగి ఇంకో చోట కనిపిస్తాయి. మూలల్లో చెక్కను బొటనవేలితో నొక్కి చూడండి. మెత్తగా దిగితే లోపల కుళ్ళినట్టే.

నీళ్ళు, గ్యాసు

వంద లీటర్ల నీళ్ళంటే వంద కిలోలు. ఇద్దరికి పొదుపుగా వాడితే రెండు మూడు రోజులకు వస్తాయి. కనిగిరి, వెలిగండ్ల వైపు ఫ్లోరైడ్ బాధ అందరికీ తెలిసిందే. తాగునీటిలో లీటరుకు ఒకటిన్నర మిల్లీగ్రాములు దాటకూడదు. కాచితే ఫ్లోరైడ్ పోదు, నీళ్ళు ఇగిరి ఇంకా చిక్కబడుతుంది. మామూలు క్యాండిల్ ఫిల్టరూ దాన్ని ఆపదు. ఆర్వో ఆపుతుంది కానీ చాలా నీళ్ళు పారబోస్తుంది. దారిలో ఆ వృథా భరించలేం. కాబట్టి తాగే నీళ్ళకు విడిగా క్యాన్లు, వాడకానికి ట్యాంకు పెట్టుకోవడమే సులువు. ట్యాంకును మూడు నెలలకోసారి క్లోరిన్ నీళ్ళతో కడగాలి.

గ్యాసుకు 5 కిలోల చిన్న సిలిండర్ చాలు. ఎల్పీజీ గాలికన్నా బరువు. లీకైతే నేల మీద పేరుకుంటుంది. అందుకే నేల మట్టంలో బయటికి గాలి పోయే రంధ్రం ఉండాలి. దాన్ని చలికని గుడ్డ కుక్కి మూయకూడదు. రబ్బరు ట్యూబు ఐదేళ్ళు దాటితే మార్చేయాలి. బండి కదిలేముందు సిలిండర్ కట్టేయాలి.

మనుషులు మాత్రం ఎక్కకూడదు

అన్నిటికన్నా ముఖ్యమైన నియమం ఒకటుంది. ట్రైలర్ కదులుతున్నప్పుడు లోపల మనిషి ఉండకూడదు. పిల్లలు పడుకున్నారు కదా, మెల్లగా పోదాం అనుకోవద్దు. సీటు లేదు, బెల్టు లేదు. హిచ్ ఊడితే ఆపడానికి లోపల స్టీరింగు కూడా లేదు.

ఈ నియమం రాస్తుంటే నాకు కోతల కాలంలో మనుషుల్ని కుక్కి తీసుకెళ్ళే ట్రాక్టరు ట్రక్కులే గుర్తొస్తున్నాయి. అదీ ట్రైలరే. బరువు, ముక్కు, బ్రేకు లెక్కలు దానికీ ఉన్నాయి. మనుషులతో నిండిన ట్రక్కు తిరగబడితే ఏమవుతుందో మన జిల్లాల వాళ్ళకు విడిగా చెప్పక్కర్లేదు.

అందుకే నా మాట ఇది. కూలీలను తీసుకెళ్ళే మేస్త్రీలు, చేలున్న రైతులు ఈ ట్రైలర్ లెక్కను వాళ్ళ కోసం కూడా వేయొచ్చు. మనుషులు బస్సులో వెళ్ళాలి. వెనక సామాను ట్రక్కులో నీళ్ళ ట్యాంకు, విప్పుకునే పందిరి, సోలార్ దీపాలు రెండు, ఫోన్ ఛార్జింగు, ఆడవాళ్ళకు మడత తడికెలతో మరుగుదొడ్డి వెళ్ళాలి. వీటిలో ఏదీ ఏసీ అంత ఖరీదు కాదు. సరదాగా తిరిగేవాడికి ఇవి అప్‌గ్రేడులు కావచ్చు. నెలల తరబడి చేను గట్టున ఉండే ఆడమనిషికి ఇవి ఆ రోజు గడవడానికి కావాల్సినవి.

మీరు ట్రైలర్ కొనేవాళ్ళయినా, కూలీలను పిలిపించేవాళ్ళయినా ఒక కాగితం తీసుకుని ఆ వరసలోనే రాసుకోండి. బరువు, బ్రేకు, నీడ, నీళ్ళు, దీపం. కర్టెన్లు తర్వాత కొనుక్కోవచ్చు.