అన్నం మానేస్తే సరిపోతుందా?

"రాత్రిపూట అన్నం మానేశామండీ, చపాతీలే తింటున్నాం. అయినా షుగర్ తగ్గడం లేదు." మా ఓ.పి.లో తరచు వినే మాట ఇది. ఎన్ని చపాతీలని అడిగితే నాలుగో అయిదో అంటారు, అందులోకి బంగాళాదుంప కూర! గోధుమలోనూ ఎక్కువగా ఉండేది పిండిపదార్థమే. రాగులూ అంతే. మెత్తటి పిండిని జావ కాచి తాగితే త్వరగా అరిగి, రక్తంలో చక్కెరను త్వరగా పెంచుతుంది. రాగులు మంచివే కాని, గ్లాసుల కొద్దీ తాగడానికి జావ మందు కాదు.

అన్నం పూర్తిగా మానక్కరలేదు. కంచంలో సగం ఆకుకూర, బీర, సొర, వంకాయ వంటివి ఉండాలి. పావు వంతు పప్పు, గుడ్డు లేక చేప. మిగిలిన పావులోనే అన్నమైనా, చపాతీ అయినా. మన ఇళ్ళలో ఇది తలకిందులు: అన్నం రాశి, కూర నంజుకోవడానికి. ఉప్పు రోజుకు 5 గ్రాముల లోపే, అంటే టీస్పూను లోపే ఉండాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ సూచన. ఆవకాయ, అప్పడాలలోని ఉప్పు కూడా ఆ లెక్కలోదే.

దేశంలో 10.1 కోట్ల మందికి మధుమేహం ఉందని, 13.6 కోట్ల మంది దాని ముందు దశలో ఉన్నారని 2023లో వెలువడిన ఐ.సి.ఎం.ఆర్.-ఇండియాబ్ అధ్యయనం అంచనా వేసింది. మేము ఎక్కువగా ఆలోచించేది ఈ రెండవ అంకె గురించే. వీరిలో చాలామందికి ఏ బాధా ఉండదు కనుక పరీక్షకు రారు. చెన్నైలో ఇటువంటి వారిపై జరిపిన పరిశోధన ఫలితాలు 2006లో వచ్చాయి. మామూలు సలహాతో సరిపెట్టిన వారిలో సుమారు మూడేళ్ళలో 55 శాతం మందికి షుగర్ వచ్చింది. నడక, ఆహార నియమం పాటించిన వారిలో 39 శాతం మందికే వచ్చింది. నడిస్తే ఎన్నటికీ రాదని మేము చెప్పము. ఆ తేడా మాత్రం చిన్నది కాదు.

చూడడానికి సన్నగా ఉన్నా, నడుము చుట్టుకొలత పురుషులకు 90, స్త్రీలకు 80 సెంటీమీటర్లు దాటితే జాగ్రత్తపడాలి. 30 ఏళ్ళు నిండినవారు, తల్లిదండ్రులకు షుగర్ ఉన్నవారు, గర్భంతో ఉన్నప్పుడు షుగర్ వచ్చి కాన్పు తరువాత ఆ సంగతే మరచిన తల్లులు తప్పక పరీక్ష చేయించుకోవాలి. పరగడుపు చక్కెర 100 నుండి 125 ఉంటే అది ముందు దశ. 126 గాని, అంతకు మించి గాని ఉంటే మరొకసారి చూసి నిర్ధారిస్తారు. బి.పి. కూడా అదే రోజు చూపించుకోండి.

పరీక్షకు ముందు ఎనిమిది గంటలు మంచినీళ్ళు తప్ప ఏమీ తీసుకోకూడదు. చక్కెర లేని కాఫీ కూడా వద్దు.