కారు మ్యాప్‌లోకి మన సొంత పాయింట్లు ఎక్కించడం ఎలా? అసలు కిటుకు రెండు అంకెల్లో ఉంది!

పెందుర్తి నుంచి మాట్లాడుతున్నాను. ఇక్కడి నుంచి అరకు వెళ్లాలంటే కొత్తవలస, ఎస్.కోట దాటి ఘాట్ ఎక్కాలి కదా. ఘాట్‌లో సిగ్నల్ వస్తూ పోతూ ఉంటుంది. రాత్రి తొమ్మిదింటికి టైరు పేలిందనుకోండి. "దగ్గర్లో పంక్చర్ షాపు" అని సెర్చ్ కొడితే ఆ చక్రం తిరుగుతూనే ఉంటుంది. అదే మీకు తెలిసిన మెకానిక్, పెట్రోల్ బంకు, ఆసుపత్రి ముందే మీ మ్యాప్‌లో ఉంటే? నెట్ లేకపోయినా అక్కడికి దారి చూపిస్తుంది. ఇలా మనం సొంతంగా పెట్టుకునే చోట్లనే కస్టమ్ పాయింట్స్ ఆఫ్ ఇంటరెస్ట్ అంటారు. ఈ ఎపిసోడ్‌లో అవి ఎలా ఎక్కించాలో చూద్దాం.

ముందు అంకెలు

భూమ్మీద ఏ చోటుకైనా రెండు అంకెలు ఉంటాయి. అక్షాంశం అంటే లాటిట్యూడ్, రేఖాంశం అంటే లాంగిట్యూడ్. పెందుర్తికి సుమారుగా 17.83, 83.20. గూగుల్ మ్యాప్స్‌లో ఒక చోట వేలు నొక్కి పట్టుకుంటే పిన్ పడుతుంది, ఈ అంకెలు కనిపిస్తాయి. లాటిట్యూడ్ ముందు, లాంగిట్యూడ్ తర్వాత.

చుక్క తర్వాత ఎన్ని అంకెలు కావాలి? ఒక డిగ్రీ లాటిట్యూడ్ అంటే దాదాపు 111 కిలోమీటర్లు. రెండు అంకెల దగ్గర ఆపేస్తే కిలోమీటరు దాకా తేడా రావచ్చు. నాలుగు ఉంచితే పదకొండు మీటర్లు, ఐదు ఉంచితే మీటరు. అందుకే ఐదు ఉంచండి.

ఇంకో మాట. పిన్ బిల్డింగ్ నడి మధ్యలో కాదు, గేటు దగ్గర పెట్టండి. మన పక్కనే అనకాపల్లి–ఆనందపురం ఆరు వరసల రోడ్డు ఉంది కదా. అలాంటి డివైడర్ రోడ్డు మీద పిన్ అవతలి వైపు పడితే, షాపు కళ్ల ముందే కనిపిస్తున్నా యూటర్న్ కోసం ఎక్కడికో వెళ్లి రావాలి.

షీట్ తయారు చేద్దాం

గూగుల్ షీట్స్‌లో నాలుగు కాలమ్స్ చాలు: పేరు, లాటిట్యూడ్, లాంగిట్యూడ్, నోట్. నోట్‌లో ఎన్నింటి దాకా తెరిచి ఉంటుంది, మీరు చివరిసారి ఎప్పుడు చూశారు అని రాసుకోండి. ఆరు నెలల తర్వాత ఆ తేదీ చూస్తేనే ఆ వివరాన్ని ఎంత నమ్మొచ్చో తెలుస్తుంది.

ఎక్సెల్ వాడేవాళ్లకు ఒక హెచ్చరిక. మామూలు సీఎస్‌వీగా సేవ్ చేస్తే తెలుగు పేర్లన్నీ ప్రశ్నార్థకాలైపోవచ్చు. "సీఎస్‌వీ యూటీఎఫ్-8" అని ఉన్నది ఎంచుకోండి. గూగుల్ షీట్స్‌లో డౌన్‌లోడ్ చేస్తే ఈ గొడవ లేదు.

మ్యాప్‌లోకి ఎక్కిద్దాం

ల్యాప్‌టాప్‌లో గూగుల్ మై మ్యాప్స్ తెరవండి. కొత్త మ్యాప్, తర్వాత ఇంపోర్ట్. మీ షీట్ ఇస్తే "లాటిట్యూడ్ ఏది, లాంగిట్యూడ్ ఏది, పేరు ఏది" అని అడుగుతుంది. చెప్పండి, పిన్‌లన్నీ ఒకేసారి పడతాయి.

ఇక్కడితో అయిపోలేదు. గూగుల్ మ్యాప్స్‌లో ఏరియా డౌన్‌లోడ్ చేసుకున్నా, మై మ్యాప్స్‌లో చేసిన లిస్టు దాంతో పాటు రాదు. ఘాట్‌లో పనికి రావాలంటే దాన్ని కేఎంఎల్ ఫైల్‌గా ఎక్స్‌పోర్ట్ చేసి ఫోన్‌కి పంపుకోండి. ఆర్గానిక్ మ్యాప్స్ అనే ఉచిత యాప్ వేసుకుని, ఆంధ్రప్రదేశ్ మ్యాప్ ఇంట్లో వైఫై ఉన్నప్పుడే దించుకోండి. కేఎంఎల్ ఫైల్‌ని ఆ యాప్‌తో తెరిస్తే మీ చోట్లన్నీ బుక్‌మార్కులుగా చేరిపోతాయి. ఈ యాప్ ఆండ్రాయిడ్ ఆటోలో, కార్‌ప్లేలో కూడా నడుస్తుంది. అంటే కారు స్క్రీన్ మీదే చూసుకోవచ్చు.

విడిగా గార్మిన్ పరికరం ఉన్నవాళ్లకు గార్మిన్ వాళ్లదే పీఓఐ లోడర్ అనే ఉచిత ప్రోగ్రామ్ ఉంది. కంప్యూటర్‌కి కేబుల్ పెట్టి సీఎస్‌వీ ఎక్కించాలి. కారుతో వచ్చిన నావిగేషన్ అయితే మోడల్‌ని బట్టి ఉంటుంది. కొన్నింటిలో ఈ సౌకర్యం ఉండదు, ముందు మాన్యువల్ చూడండి.

ఇదే ఆ కిటుకు

గూగుల్ లాటిట్యూడ్ ముందు చూపిస్తుంది. గార్మిన్ సీఎస్‌వీలో లాంగిట్యూడ్ ముందు రావాలి. కేఎంఎల్ లోపల కూడా లాంగిట్యూడే ముందు. తారుమారైతే ఏమవుతుంది? మన పెందుర్తి మెకానిక్ షాపు 83 డిగ్రీల ఉత్తరాన, స్వాల్‌బార్డ్ దీవులకు పైన ఆర్కిటిక్ సముద్రంలో తేలుతుంది! నవ్వొస్తుంది కానీ, సిస్టమ్ మాత్రం "ఫైల్ తప్పు" అని చెప్పదు. 83 కూడా చెల్లే లాటిట్యూడే కాబట్టి మౌనంగా తీసుకుంటుంది. ఘాట్‌లో అవసరం పడిన రోజే బయటపడుతుంది.

అందుకే వంద పాయింట్లు ఒకేసారి ఎక్కించకండి. ముందు ఒక్కటి, మీ ఇంటి దగ్గరి కిరాణా కొట్టు ఎక్కించండి. సరిగ్గా పడిందా? ఫోన్ ఏరోప్లేన్ మోడ్‌లో పెట్టి అక్కడికి రూట్ అడగండి. వచ్చిందంటే మిగతావి ఎక్కించండి.

చివరగా, ఈ మ్యాప్ లింక్ నలుగురికీ పంపే ముందు మీ ఇల్లు, చుట్టాల ఇళ్ల పిన్‌లు తీసేయండి. అందరికీ పనికొచ్చే షాపు అయితే ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్‌లో కూడా చేర్చండి. ఆర్గానిక్ మ్యాప్స్‌లో కనిపించేది ఆ మ్యాపే. కానీ గూగుల్ నుంచి కాపీ కొట్టి అక్కడ పెట్టకూడదు. ఆ షాపు ముందు నిలబడి, మీ ఫోన్ జీపీఎస్ చూపించే అంకెలే ఇవ్వండి. మీరు పెట్టిన ఒక్క పిన్ ఏదో ఒక రాత్రి ముక్కూమొహం తెలియని డ్రైవర్‌కి దారి చూపిస్తుంది.

ఈ వారం అరకు ప్లాన్ ఉంటే బయల్దేరే ముందే ఈ పని పూర్తి చేసుకోండి. మళ్లీ కలుద్దాం, ఉంటాను.