నాటుకోళ్ల గూటిలో అడ్డకర్రలు వేయండి

చీకటి పడగానే ఎత్తైన చోటు చూసుకుని ఎక్కి పడుకోవడం కోడి నైజం. గూటిలో ఆ వీలు లేకపోతే రాత్రంతా తడి రెట్టలోనే కూర్చుంటుంది. పాదాలకు పుండ్లు లేచి కుంటుతుంది, మేతకు కదలదు, గుడ్లు తగ్గుతాయి.

2 అంగుళాల మందం కర్రను అంచులు గుండ్రంగా చెక్కి, నేలకు అడుగున్నర ఎత్తున కదలకుండా బిగించాలి. కోడికి 6 నుంచి 8 అంగుళాల చోటు ఉండాలి. అంటే 10 కోళ్లకు సుమారు 6 అడుగుల కర్ర కావాలి. వరసల మధ్య అడుగు ఎడం ఉంచాలి. అన్నీ ఒకే ఎత్తులో ఉంటే పై కర్ర కోసం కొట్లాట ఉండదు. వనరాజా వంటి బరువు రకాలకు అడుగు ఎత్తు చాలు. పైనుంచి దూకితే వాటి కాళ్లు దెబ్బతింటాయి.

పగుళ్లున్న కర్ర మాత్రం వద్దు. గోమార్లు పగలు వాటిలో దాక్కుని, రాత్రి కోడి రక్తం పీలుస్తాయి. వారానికోసారి కర్రల అడుగుభాగం కూడా చూడండి.