సాలబ్ పంజా.. మంచుకొండల నుంచి చార్మినార్ దాకా

అరుదైపోతున్న ఆర్కిడ్ మొక్క దుంపలే యునానీ ఔషధం
తవ్వకం ఆగకుంటే మొక్కతోపాటు మందూ కనుమరుగే

చార్మినార్: పాతబస్తీలోని యునానీ మూలికల అంగళ్లలో లభించే వస్తువుల్లో సాలబ్ మిశ్రీ ఒకటి. ఎండి రాయిలా గట్టిపడి, చేతివేళ్ల వలె చీలి ఉండే రకాన్ని సాలబ్ పంజా అంటారు. పంజా అంటే అరచేయి. నీరసం తగ్గడానికి, వీర్యవృద్ధికి దీనిని పొడిచేసి పాలలో కలిపి ఇవ్వడం యునానీ వైద్యంలో పరిపాటి. చార్మినార్ చెంతనే నిజామియా టిబ్బీ కళాశాల, యునానీ ఆసుపత్రి ఉన్న ఈ నగరంలో ఈ పేరు తెలియని హకీము ఉండరు. అయితే ఈ దుంప ఒక అడవి ఆర్కిడ్‌దని, ఆ మొక్క ఉనికికే ముప్పు ఏర్పడిందని కొనుగోలుదారులకు తెలిసేది తక్కువ.

ఎక్కడ పెరుగుతుంది?
దీని శాస్త్రీయ నామం డాక్టిలోరైజా హటాగిరియా. జమ్మూకశ్మీర్, హిమాచల్‌ప్రదేశ్, ఉత్తరాఖండ్ మొదలుకొని నేపాల్, భూటాన్ వరకు హిమాలయాల్లో సుమారు 2,800 నుంచి 4,000 మీటర్ల ఎత్తున ఉంటుంది. మంచు కరిగిన నీటితో తడిసే పచ్చికబయళ్లు దీని ఆవాసం. ఏడాదిలో చాలా నెలలు నేలలో దుంపగా దాగి, వేసవిలో మొలకెత్తి, జూన్, జూలై మాసాల్లో ఊదా రంగు పూలగుత్తులు వేస్తుంది. దక్కన్ ఎండలకు ఇది బతకదు.

ఎందుకు తరిగిపోతున్నది?
ఆర్కిడ్ గింజలు ధూళి వలె సూక్ష్మంగా ఉంటాయి. మొలకకు కావలసిన ఆహారం వాటిలో ఉండదు. నేలలోని ఒక రకం శిలీంధ్రం తోడైతేనే మొలకెత్తుతాయి. ఒక్కో కాయలో వేల గింజలున్నా మొక్కలయ్యేవి బహు స్వల్పం. అవి పూతకు రావడానికి మరికొన్ని ఏళ్లు పడుతుంది. ఏటా పాత దుంప వడలిపోతూ, మరుసటి ఏటికి కొత్త దుంప తయారవుతుంది. తవ్వేవారు తీసుకునేది ఆ కొత్త దుంపనే. దానితో ఆ మొక్క కథ ముగిసినట్లే. గింజ రాలకముందే తవ్వితే తర్వాతి తరం కూడా ఉండదు. పశువుల మేత దీనికి తోడవుతున్నది.

తుర్కియేలో ఇదే తరహా దుంపలతో సాలెప్ అనే వేడి పానీయం తయారుచేస్తారు. అక్కడ కిలో పొడికి వెయ్యికి పైగా మొక్కలు బలవుతాయని అంచనా. దుంపలోని గ్లూకోమన్నాన్ అనే పదార్థమే నీటిలో ఉబ్బి జిగురుగా మారి పానీయానికి చిక్కదనం ఇస్తుంది.

చట్టం ఏమంటున్నది?
1975లో అమలులోకి వచ్చిన సైటీస్ అంతర్జాతీయ ఒప్పందం ప్రకారం ఆర్కిడ్ కుటుంబం మొత్తం నియంత్రణ పరిధిలో ఉంది. అనుమతి పత్రాలు లేకుండా అడవి ఆర్కిడ్లను సరిహద్దు దాటించరాదు. 1976లో భారత్ ఇందులో చేరింది. అయితే ఈ ఒప్పందం దేశాల మధ్య వర్తకానికే పరిమితం. దేశంలోపలి అంగళ్ల వరకు చేరే సరుకును అదుపు చేయవలసింది మన చట్టాలే.

పేరు ఒకటే.. దుంపలు వేరు
సరుకు అరుదైనకొద్దీ ప్రత్యామ్నాయాలు పెరుగుతాయి. యూలోఫియా ప్రజాతి ఆర్కిడ్ల దుంపలూ సాలబ్ పేరుతోనే చెలామణి అవుతాయి. బాద్‌షా సాలబ్ అనేది ఆర్కిడే కాదు, ఉల్లి జాతి దుంప. పొడి రూపంలో కొంటే ఏది ఏదో పోల్చడం కష్టం.

మన అడవుల్లోనూ..
తెలుగు నేలపైనా ఔషధ ఆర్కిడ్లు ఉన్నాయి. చెట్ల కొమ్మలపై పెరిగే వాండా టెస్సెలేటా వాటిలో ఒకటి. సామర్లకోటలో ఉండి మొక్కలపై పరిశోధించిన విలియం రాక్స్‌బర్గ్ 1795 నాటి తన కోరమాండల్ మొక్కల గ్రంథంలో దీనిని వర్ణించారు. తెలుగులో దీనిని బదనిక అంటారు. బదనిక అంటే చెట్టు రసం పీల్చేదని భావన. కానీ ఈ మొక్క కొమ్మను ఆసరాగా మాత్రమే వాడుకుంటుంది. వేళ్లపై ఉండే మెత్తని పొర వాన నీటిని, గాలిలోని తేమను పీల్చుకుంటుంది. పెద్ద చెట్టు కూలితే దానిపైనున్న ఆర్కిడ్లూ నశిస్తాయి.

ఏం చేయాలి?
పోషక మాధ్యమంలో, శిలీంధ్రం తోడు లేకుండానే ఆర్కిడ్ గింజలను మొలకెత్తించవచ్చని 1922లోనే అమెరికా శాస్త్రవేత్త లూయిస్ నుడ్సన్ నిరూపించారు. అలా పెంచిన మొలకలను కొండ రైతుల చేత సాగు చేయిస్తే అడవిపై భారం తగ్గుతుంది. కొనేవారు సైతం సరుకు సాగుదా, అడవిదా అని అడగడం, హకీము సలహా లేనిదే వాడకపోవడం మేలు. గిరాకీ తగ్గితేనే తవ్వకం తగ్గుతుంది. మంచుకొండల మీద ఆ పూలు నిలిస్తేనే పాతబస్తీ హకీముల చేతిలో ఆ మందూ నిలుస్తుంది.