కానికాలమందు ఒక్కతోట పండు

పూతకాలమున నాలుగు దినములు మబ్బు పట్టినచో మామిడి రైతునకు ముందుగా జ్ఞప్తికి వచ్చునది తన ఋణపత్రము. పంట తగ్గునను భయము సహజమే. కాని పంటతో పాటు పోవునది మరియొకటి కలదు. అది తోట పేరు. దానిని నిలుపుకొను విధమును ఈ నెల వివరించెదము.

పూర్వము సంస్థానమై, 2016వ సంవత్సరమున ఏర్పడిన నాగరుకర్నూలు జిల్లాలో చేరిన కొల్లాపురము బేనిషాను మామిడికి పేరు పడినది. వనపర్తి, గద్వాల ప్రాంతములందును తోటలు కలవు. అయితే ఆ పేరు ఊరిదే గాని తోటది కాదు. లారీలో పది తోటల కాయలు కలిసిపోవును. శ్రద్ధగల రైతు కాయకును, అశ్రద్ధ చేసినవాని కాయకును ఒకటే ధర కట్టబడును.

ఈ విషయమున పరదేశపు దృష్టాంత మొకటి చెప్పెదము. ఫ్రాన్సు దేశపు బర్గండీ సీమలో పినో న్వార్ అను నల్లద్రాక్షను పెంచి ద్రాక్షసారాయము చేయుదురు. ఈ జాతి తొక్క పలుచన, గుత్తి బిగువు. కోతకు ముందు వాన పడినచో గుత్తి లోలోపలనే కుళ్ళును. త్వరగా చిగుర్చు జాతి యగుటచే చలికిని చిక్కును. 2021 ఏప్రిలునందు గడ్డకట్టు చలికి చిగుళ్ళు మాడి, ఆ యేటి పంట మిక్కిలి తగ్గెను. అయినను ఒక మడి పేరు వ్రాసిన సీసాలో ప్రక్కమడి రసమును కలుపుటకు అచ్చటి చట్టము ఒప్పుకొనదు. శ్రద్ధగలవారు కుళ్ళిన గుత్తులను బల్లపై ఏరి పారవైచి, మిగిలినదానినే వాడుదురు. సీసాలు తగ్గును; మడి పేరు నిలుచును. ఆ మడులను 2015లో యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చినది. పండు వేరైనను న్యాయ మొక్కటే. కానియేట పరిమాణమును తగ్గించుకొనవలెను గాని గుణమును తగ్గించుకొనరాదు.

ఇక మన తోటలో చేయవలసిన పనులు.

మొదటిది పూత. కార్తీకము మొదలు పూత వెడలువరకు కాపు చెట్లకు నీరు పెట్టరాదు. బెట్ట తగిలిన చెట్టు పూయును. తడి తగిలిన చెట్టు చిగుర్చును. మబ్బును మంచును కూడినప్పుడు తేనెమంచు పురుగు పూతరసమును పీల్చి జిగురు విడుచును. దానిపై మసి పట్టును. బూడిదతెగులు సోకిన పూత తెల్లబడి రాలును. బూడిదతెగులునకు నీటిలో కలియు గంధకపు పొడిని లీటరునకు 3 గ్రాముల వంతున కలిపి, పూత విచ్చుటకు ముందే చల్లవలెను. విచ్చిన పూతపై మందులు చల్లరాదు. ఈగలును తేనెటీగలును చచ్చినచో పిందె కట్టుట తగ్గును.

రెండవది పిందె. పిందె బఠాణీగింజంత అయిన పిమ్మట తడి మొదలిడవలెను. పాదులలో ఎండుటాకు పరచినచో తేమ నిలుచును. రాలిన కాయలను దినదినము ఏరి లోతుగా పూడ్చవలెను. లేనిచో వానిలోని పురుగులే పండుఈగలై తిరిగి తోటమీద పడును.

మూడవది గాలివాన, వడగండ్లు. కాయ రాలిన దినముననే మంచిచెడ్డలను వేరుచేయవలెను. దెబ్బతిన్న కాయను మంచికాయతో ఒక బుట్టలో ఉంచరాదు. దానిని పచ్చికాయగా అమ్మవచ్చును, లేదా ముక్కలు కోసి ఒరుగులు చేయవచ్చును. అది నష్టమును కొంత పూడ్చును. తోట పేరుతో పోవు పెట్టెలో మాత్రము దానికి చోటు లేదు.

నాలుగవది కోత. తొడిమ చుట్టు భుజములు నిండిన కాయయే ముదిరినది. సందేహ మున్నచో కొన్ని కాయలను నీటిలో వేసి చూడుడు. ముదిరినది మునుగును, లేతది తేలును. వాన భయముచే లేతకాయను కోసినచో పండు ముడుతలు పడి పుల్లగా నుండును. చిక్కముతో కోసి, కొంత కాడ నిలిపి, తరువాత కాడ త్రుంచి తొడిమ క్రిందికి వచ్చునట్లుంచి సొన కార్చవలెను. సొన అంటిన చోట తొక్క నల్లబడును.

అయిదవది మాగబెట్టుట. కాల్షియం కార్బైడుతో పండ్లను మాగబెట్టుటను 2011వ సంవత్సరపు ఆహార భద్రతా నియమములు నిషేధించినవి. ఎండుగడ్డిలో మాగబెట్టుట చిన్నతోటకు చాలును.

చివరిది లెక్క. మంచియేట నూరు పెట్టెలు పంపు రైతునకు ఈ యేడు నలుబదియే వచ్చెననుకొందము. ప్రక్కతోట కాయ అరువది పెట్టెలు కలిపి పాతలెక్క నింపవలెనని మనస్సు లాగును. ఆ కాయ ఎట్లు పెరిగినదో, ఎన్నడు కోసినదో అతనికి తెలియదు. కొన్నవాడు అందులో పది కుళ్ళినవి చూచినచో మిగిలిన తొంబదింటిని నమ్మడు. మరుసటి యేడు ఆ పేరు చెప్పినను బేరమునకు రాడు. నలుబదియే పంపినవానికి ఈ యేడు సొమ్ము తక్కువ, అది నిజము. కాని కొన్నవాడు మరల వెదకుకొని వచ్చును.

ఒక్కరైతు ఈ నియమమును పాటించుట కష్టము. ఋణము తరుముచుండగా మరియు కష్టము. ఇందులకే సంఘమున్నది. సభ్యులు ప్రతి తోటకు ఒక సంఖ్య నిర్ణయించుకొని, పెట్టెపై ఆ సంఖ్యయు కోసిన తేదియు వ్రాసి, సంఘపు పుస్తకమున నమోదు చేయవలెను. తోటవారీగా పెట్టెలు వేరుగా అమ్ముడుపోవునట్లు సంఘము చూడవలెను. కానికాలమందు వాయిదా కోరు సభ్యుని అర్జీని విచారించునప్పుడు ఈ పుస్తకమును కూడ చూచుట న్యాయము. వర్షము మన చేతిలో లేదు. పెట్టెలో ఏమి పెట్టుదుమో అది మన చేతిలోనిదే. పూత రాకముందే, రాబోవు సర్వసభ్య సమావేశమున ఈ విషయమును చర్చించి తీర్మానింపుడని సభ్యులను కోరుచున్నాము.