‘మా’: ఒక్క అక్షరం, మూడు భాషలు

అనకాపల్లిలో మన పిల్లలు రోజూ మూడు భాషల మధ్య పెరుగుతున్నారు. ఇంట్లో ఉర్దూ, బడిలోనూ బజారులోనూ తెలుగు, ఖురాన్ పారాయణంలో అరబ్బీ. ఈ మూడింటిలోనూ వినిపించే చిన్న మాట ‘మా’. పలుకు దాదాపు ఒకటే, అర్థాలు మాత్రం వేరు.

ఉర్దూలో ‘మా’ అంటే అమ్మ. చివర కాస్త ముక్కుతో పలుకుతాం. అరబ్బీలో ‘మా’ అని చివర గొంతు దగ్గర చిన్నగా ఆపితే నీళ్ళు అని అర్థం. ఆ ఆపు లేకపోతే సందర్భాన్ని బట్టి ‘ఏమిటి’ అనో, ‘కాదు’ అనో అర్థం వస్తుంది. తెలుగులో ‘మేము’కు చెందిన రూపమే ‘మా’. మా ఇల్లు, మా ఊరు అంటాం.

ఈ మూడు మాటలకూ చుట్టరికం లేదు. అరబ్బీది హీబ్రూ ఉన్న సెమిటిక్ కుటుంబం. ఉర్దూది హిందీ, బెంగాలీల కుటుంబం. తెలుగు ద్రావిడ భాష. తెలుగు సంస్కృతం నుంచి పుట్టలేదనీ, తమిళ కన్నడాలతో కలిసిన కుటుంబమనీ మద్రాసులో ఎల్లిస్ దొర 1816లోనే నిరూపించాడు. పెదవులు కలిపి విడదీస్తే వచ్చే తేలికైన పలుకు కాబట్టి ‘మా’ చాలా భాషల్లో ఉంటుంది. చైనా భాషలో స్వరం మారితే అదే మాట అమ్మ అవుతుంది, గుర్రమూ అవుతుంది.

అయితే తెలుగు ‘మా’కు ఒక ప్రత్యేకత ఉంది. అది ఎదుటివారిని లెక్కలోకి తీసుకోదు. మన బెల్లం మార్కెట్లో ఒక వర్తకుడు బయటి ఊరి వ్యాపారితో ‘మా మార్కెట్’ అంటాడు. పక్క కొట్టు ఆయనతో మాత్రం ‘మన మార్కెట్’ అంటాడు. ఉర్దూలో ఈ రెండింటికీ ‘హమారా’ ఒక్కటే. అరబ్బీలోనూ ఈ తేడా లేదు. అందుకే విరాళం కోసం తెలుగులో విజ్ఞప్తి రాసేటప్పుడు మాట చూసి వేయాలి. ‘మా సొసైటీకి సాయం చేయండి’ అంటే దాత బయటివాడవుతాడు. ‘మన సొసైటీ’ అంటే ఇంటివాడవుతాడు.

ఈ అర్థాలన్నీ ఒకచోట కలిసే ఘట్టం అబూ దావూద్ హదీసు గ్రంథంలో ఉంది. హజ్రత్ సఅద్ బిన్ ఉబాదా (రజి) గారి తల్లి మరణించారు. ఆమె పేరిట ఏ దానం మేలైనదని ఆయన దైవప్రవక్త (స) వారిని అడిగారు. నీళ్ళు అని జవాబు వచ్చింది. ఆయన ఒక బావి తవ్వించి, ఇది సఅద్ తల్లి కోసం అన్నారు. అడిగింది అమ్మ కోసం, ఇచ్చింది నీళ్ళు. ఆ బావి ‘మా’ అని ఒక కుటుంబానికే మిగిలిపోలేదు, తోడుకున్న ప్రతివారికీ ‘మన’ బావి అయింది.

తల్లిదండ్రుల పేరిట రసీదు రాయించే దాతలు మనలో ఉన్నారు. వేసవిలో ఒక చలివేంద్రం, ఒక వీధి కుళాయి, బడిలో ఒక మంచినీళ్ళ తొట్టి, ఏదైనా సరే ఆ పేరిట జరగవచ్చు. ఆ నీళ్ళు తాగేవారిది ఏ వీధి, ఏ మతం అని అడగకుండా ఇద్దాం. దాతలందరి తల్లిదండ్రులకూ అల్లాహ్ ఆ పుణ్యఫలం చేర్చుగాక. ఆమీన్.