పాత కోటల్లో వేసవి విజ్ఞాన శిబిరాలు

పాలమూరు సీమలో నిజాం కాలంనాటి సంస్థానాలలో అయిదు పేరెన్నిక గన్నవి: గద్వాల, వనపర్తి, జటప్రోలు, అమరచింత, గోపాలుపేట. వీటిలో అమరచింత సంస్థానానికి రాజధాని ఆత్మకూరు. 1948 తరువాత సంస్థానాలు పోయినవి గాని కట్టడాలు మిగిలినవి. వాటిలో కొన్ని పాడుపడినవి. కొన్నింటికి చదువు అండ దొరికినది. వనపర్తి రాజప్రాసాదంలో 1959లో పాలిటెక్నిక్ వెలసినది. గద్వాల కోట ఆవరణలో మహారాణి ఆదిలక్ష్మీ దేవమ్మ పేరిట డిగ్రీ కళాశాల ఏర్పడినది. ఇటువంటి ఆవరణలు హైస్కూలు పిల్లలకు వేసవి సెలవుల్లో ప్రయోగశాలలు కాగలవా, అయితే అక్కడ ఏమి చేయించవలెను అన్నదే ఈ వ్యాసంలోని విషయం.

రాజుల ఇళ్ళకూ విజ్ఞానశాస్త్రానికీ పొత్తేమిటని కొందరు అడగవచ్చును. పొత్తు పాతదే. విశాఖపట్నంలో గోడే వెంకట జగ్గారావు అనే జమీందారు మద్రాసు నక్షత్రశాలలో టేలరు దొర వద్ద ఖగోళశాస్త్రం నేర్చుకొని, 1840లో తన స్వంత తోటలో నక్షత్రశాల కట్టించాడు. ఆ తోటే నేటి డాబాగార్డెన్స్. ఆయన అనంతరం అల్లుడు అంకితం వెంకట నరసింగరావు ఆ పని కొనసాగించి, 1874 డిసెంబరు 9న శుక్రగ్రహం సూర్యబింబం మీదుగా దాటిపోవటాన్ని పరిశీలించాడు. హైదరాబాదులో నవాబ్ జఫర్ జంగ్ ఫిసల్‌బండలోని తన ఎస్టేటులో 1901లో నక్షత్రశాలకు పునాది వేశాడు. 15 అంగుళాల దూరదర్శినిని ఇంగ్లండులో కొన్నాడు. 1908లో ప్రభుత్వం చేతికి వచ్చి, పిమ్మట బేగంపేటకు మారిన నిజామియా నక్షత్రశాల అదే. ఆకాశాన్ని దేశదేశాల నక్షత్రశాలలు వాటాలు వేసుకొని ఫోటోలు తీసి పటం తయారు చేసినప్పుడు, ఒక వాటా ఇక్కడివారు పూర్తిచేశారు.

ఇంగ్లండులో బౌవుడ్ అనే ప్రభువుగారి భవనంలో గ్రంథాలయం చూస్తూ, పిల్లలకు చదువు చెబుతూ ఉండిన ప్రీస్ట్‌లీ 1774 ఆగస్టు 1న 12 అంగుళాల కటకంతో ఎండను పాదరసభస్మం మీద కేంద్రీకరించి ఆక్సిజన్ వాయువును రాబట్టాడు. ప్లేగు భయంతో కేంబ్రిడ్జి విశ్వవిద్యాలయం మూతపడినప్పుడు న్యూటన్ తిరిగివచ్చిన వూల్‌స్తోర్ప్ గ్రామపు ఇంటిలో నేడు పిల్లలు స్వయంగా ప్రయోగాలు చేసుకునేందుకు ఒక శాల ఉన్నది. అదీ బడి మూతపడిన కాలపు కథే గదా!

మన బడులు ఏప్రిల్ చివరివారంలో మూతపడి జూన్ రెండోవారంలో తెరుస్తారు. సరిగ్గా ఈ నడుమ ఆత్మకూరు ఆకాశంలో ఏటేటా ఒక వింత జరిగిపోతున్నది. ఆత్మకూరు అక్షాంశం సుమారు 16.33 డిగ్రీల ఉత్తరం. సూర్యుడు ఉత్తరాయణంలో పైకి జరుగుతూ మే 5, 6 తేదీలలో సరిగ్గా ఈ అక్షాంశానికి వస్తాడు. ఆనాటి మధ్యాహ్నం నిలువుగా పాతిన కర్రకు నీడ ఉండదు. అయితే అది గడియారంలో 12 గంటలకు జరగదు. మన దేశపు గడియారాలన్నీ 82.5 డిగ్రీల తూర్పు రేఖాంశాన్ని అనుసరించి నడుస్తున్నవి. ఆత్మకూరు దానికి దాదాపు 4.7 డిగ్రీలు పడమర. డిగ్రీకి 4 నిముషాల చొప్పున 19 నిముషాల ఆలస్యం కావలెను; మే మొదటివారంలో సూర్యుడు సగటు గడియారంకన్నా మూడు నిముషాలకు పైగా ముందుంటాడు కనుక అది తగ్గి, సుమారు 12 గంటల 15 నిముషాలకు నీడ మాయమగును.

ఏప్రిల్ 30 మొదలు మే 10 వరకు శిబిరం పెడితే ఈ వ్యవహారమంతా పిల్లల కళ్ళముందే నడుస్తుంది. ముందుగా ఒక మీటరు నిటారు కడ్డీని చదునైన నేల మీద, తూకపుగుండు సాయంతో నిలపవలెను. దీనినే మన పూర్వులు శంకువు అన్నారు. ఆ మాట మనకు శంకుస్థాపనలో మిగిలినది. కడ్డీ మొదలు కేంద్రంగా నేల మీద ఒక పెద్ద వృత్తం గీయవలెను. ఉదయం నీడ కొస వృత్తాన్ని తాకిన చోట ఒక గుర్తు, సాయంత్రం మళ్ళీ తాకిన చోట మరొక గుర్తు పెడితే, ఆ రెండు గుర్తులను కలిపిన రేఖ తూర్పు పడమరలు చూపును. దానికి లంబంగా కడ్డీ మొదలునుంచి గీసినది ఉత్తర దక్షిణ రేఖ. దిక్సూచి అవసరమే లేదు. అయస్కాంతపు ముల్లు చూపే ఉత్తరం, ఈ నీడ చూపే ఉత్తరం ఒకటేనా అని పిల్లలను పోల్చి చూడమనవచ్చును.

ఇక ప్రతిరోజూ మధ్యాహ్నపు నీడ కొలవటం. ఏప్రిల్ 30న అది ఉత్తరానికి సుమారు 2.8 సెంటీమీటర్లు ఉంటుంది. రోజుకు అయిదు మిల్లీమీటర్ల చొప్పున కుంచించుకుపోయి, మే 5, 6 తేదీలలో పోయి, ఆపైన దక్షిణానికి తిరుగుతుంది. మే 10న 2.2 సెంటీమీటర్లు దక్షిణంగా ఉంటుంది. మధ్యాహ్నపు నీడ ఎప్పుడూ ఉత్తరానికే పడుతుందని నమ్మే పిల్లలకు ఇది పెద్ద ఆశ్చర్యం. పాఠ్యపుస్తకాల బొమ్మల్లో చాలాభాగం ఐరోపావారివి చూసి గీసినవే కనుక పెద్దలకూ ఆ నమ్మకం ఉండటంలో వింత లేదు.

ఇక్కడ ఒక చిక్కు వచ్చును. నీడ కొస స్పష్టంగా ఉండదు, మసకగా అలికినట్లుంటుంది. పిల్లల్లో ఒకరు 2.5 అంటారు, మరొకరు 3.2 అంటారు. చాలామంది ఉపాధ్యాయులు ఇక్కడే తొందరపడి సరైన జవాబు చెప్పేస్తారు. అలా చేయరాదు. మసక ఎందుకున్నదో పిల్లలచేతనే తేల్పించవలెను. సూర్యుడు చుక్క కాదు, బింబం. మనకు అరడిగ్రీ వెడల్పున కనబడుతున్నాడు. అందువలన మీటరు ఎత్తునుంచి పడిన నీడ అంచు దాదాపు 9 మిల్లీమీటర్ల మేర మసకబారును. కొలవవలసిన నీడే 28 మిల్లీమీటర్లయినప్పుడు 9 మిల్లీమీటర్ల సందేహం చిన్నది కాదు. మందు సులభం. కడ్డీ కొసన చిన్న రంధ్రం గల రేకును అడ్డంగా బిగిస్తే, ఆ రేకు నీడ నడుమ 9 మిల్లీమీటర్ల గుండ్రని వెలుగు పడును. అది రంధ్రపు ఆకారం కాదు, సూర్యుని ప్రతిబింబం. దాని నడిబిందువును మిల్లీమీటరు దాకా గుర్తించవచ్చును. పాతదానికన్నా కొత్త కొలత ఎన్నిరెట్లు నమ్మదగినదో పిల్లలే చెప్పగలుగుతారు.

ఒక్క ఊరిలో కొలిచిన నీడ ఆ ఊరి సంగతే చెప్పును. రెండూళ్ళ నీడలు కలిస్తే భూమి సంగతి చెప్పును. ఈ పని క్రీస్తుకు పూర్వం మూడో శతాబ్దంలో ఎరాటోస్తనీస్ ఈజిప్టులో చేశాడు. మనకు ఆదిలాబాదు చాలును. ఆత్మకూరులో నీడ లేని రోజున ఆదిలాబాదులో మీటరు కడ్డీకి స్థానిక మధ్యాహ్నాన దాదాపు 5.8 సెంటీమీటర్ల నీడ ఉంటుంది. అంటే కోణం 3.34 డిగ్రీలు. ఈ రెండూళ్ళ మధ్య ఉత్తర దక్షిణ దూరాన్ని పటం మీద కొలిస్తే సుమారు 370 కిలోమీటర్లు. 3.34 డిగ్రీలకు 370 అయితే 360 డిగ్రీలకు ఎంత? త్రైరాశికం వేస్తే సుమారు 39,900 కిలోమీటర్లు వచ్చును. భూమి చుట్టుకొలత 40,000 కిలోమీటర్లు. నీడలో ఒక మిల్లీమీటరు తప్పితే జవాబులో దాదాపు 700 కిలోమీటర్లు తప్పును. రెండు బడుల పిల్లలు తమ కొలతలను ఫోనులో చెప్పుకుంటే సరిపోవును. రోడ్డు దూరం వేసుకుంటే మాత్రం లెక్క చెడిపోవును. రోడ్లు సూటిగా ఉత్తరానికి పోవు గదా.

పాత భవనం ఉపయోగం ఇక్కడినుంచి ఎక్కువ. తలుపులు మూస్తే చీకటయ్యే పెద్ద గది కొత్త ఇళ్ళలో అరుదు. అటువంటి గదికి ఎండవైపు ఉన్న కిటికీని అట్టతో మూసి, పెన్సిలు ముల్లంత రంధ్రం చేసి, అయిదు మీటర్ల దూరంలో కాంతికి ఎదురుగా తెల్ల కాగితం పట్టితే 4.6 సెంటీమీటర్ల సూర్యబింబం కనబడును. దూరాన్ని బింబపు వ్యాసంతో భాగిస్తే 108కి దగ్గరగా వచ్చును. సూర్యుడు మనకు 15 కోట్ల కిలోమీటర్ల దూరంలో ఉన్నాడు కనుక, అతని వ్యాసం దానిని 108తో భాగించగా సుమారు 13.9 లక్షల కిలోమీటర్లు. అట్టముక్క, కాగితం, కొలబద్ద: సరంజామా ఇంతే. ఆ రంధ్రంగుండా కంటితో సూర్యుని చూడరాదని మాత్రం శిబిరం మొదటి నిముషంలోనే చెప్పవలెను. చెప్పి ఊరుకోక, ఒక పెద్దవారు అక్కడ నిలబడవలెను.

కోటగోడలు మందమైనవి. లోపల చల్లగా ఉండునని అందరికీ తెలిసినదే గాని, చల్లదనం ఎక్కడనుంచి వచ్చుచున్నది? గోడ చల్లదనాన్ని పుట్టించదు. వేడిని ఆలస్యం చేయును. రాయి, సున్నపు కట్టడంలో ప్రతి 14 సెంటీమీటర్ల లోతుకు పగటి రాత్రి వేడిమి తేడా సుమారు మూడోవంతుకు తగ్గును. దాదాపు నాలుగు గంటలు వెనుకబడును. ఆ లెక్కన అరమీటరు గోడలో వెలుపలి తేడాలో ముప్పయ్యోవంతుకన్నా తక్కువే లోపలికి చేరును. అదీ పధ్నాలుగు గంటలు ఆలస్యంగా, అంటే మధ్యాహ్నపు వేడి మరునాటి తెల్లవారుజామున. కప్పు, తలుపులగుండా వచ్చే వేడి వేరు. గోడను తొలవటం కుదరదు కనుక పిల్లలు నేలలో 10, 20, 30 సెంటీమీటర్ల గుంటలు చేసి, ఉష్ణమాపకాలు దించి, రెండు గంటలకొకసారి చూడవచ్చును. పైపొర మీద చెప్పులు లేకుండా నిలవలేని వేళ, 30 సెంటీమీటర్ల లోతున పగలూ రాత్రీ పెద్ద తేడా కనబడదు. మట్టికుండలో విత్తనాలు దాచి పూడ్చిన పెద్దవాళ్ళకు ఇది తెలియని సంగతి కాదు.

ప్రాకారపు గోడకు ఎదురుగా 71 మీటర్ల దూరాన నిలిచి చప్పట్లు కొడితే ప్రతిధ్వని 0.4 సెకనులో తిరిగివచ్చును. ప్రతిధ్వని సరిగ్గా రెండు చప్పట్ల నడుమ పడేలా లయ కుదుర్చుకొని, యాభై చప్పట్లకు పట్టే కాలం కొలిస్తే 40 సెకనులు. దీనినుంచి ధ్వనివేగం సెకనుకు 355 మీటర్లని తేలును. పుస్తకంలో 330 అనో 340 అనో ఉండును. పుస్తకం తప్పు కాదు. మన గాలి 40 డిగ్రీల వేడిలో ఉన్నది. డిగ్రీకి 0.6 మీటరు చొప్పున వేగం పెరుగును. తెల్లవారుజామున మళ్ళీ కొలిస్తే తగ్గును.

రాత్రి శిబిరానికి గద్వాల, అమరచింత మగ్గాలు సాయపడును. పలుచని నూలుబట్టను కంటిముందు బిగించి పట్టి, పది మీటర్ల దూరాన ఉన్న చిన్న దీపాన్ని చూస్తే, దీపం ఒక్కటిగా గాక గళ్ళు గళ్ళుగా చుక్కలై కనబడును. దీపం పక్కన కొలబద్ద నిలిపి, చుక్కల మధ్య ఎడం 1.8 సెంటీమీటర్లని తేలితే, పోగుకూ పోగుకూ నడుమ 0.32 మిల్లీమీటరు, అంటే అంగుళానికి సుమారు 79 పోగులు. భూతద్దంతో పోగులు లెక్కపెట్టి సరిచూచుకోవచ్చును. పట్టు అంచుగుండా చూస్తే చుక్కలు మరింత దూరమగును. అమెరికాలో 1785లో హాప్కిన్సన్ అనే ఆయన పట్టు చేతిరుమాలుగుండా వీధిదీపం చూసి ఆశ్చర్యపడి రిటన్‌హౌస్‌ను అడగగా, ఆయన వెంట్రుకలతో తొలి వివర్తన జాలకాన్ని చేశాడు. నేతగాని ఇంటి పిల్లవాడికి ఈ ప్రయోగంలో తక్కినవారికన్నా ఎక్కువ తెలిసి ఉండును. తరగతిలో వెనుకబల్ల మీద కూర్చునే పిల్లవాడు ఆ రాత్రి ముందుకు వచ్చును.

ఇటువంటి చదువు కొత్త ఊహ కాదు. యుద్ధంలో ధ్వంసమైన దేశాల బడుల కోసం మొదలైన ప్రయత్నం పెరిగి, 1956లో యునెస్కో ప్రయోగాల గ్రంథమైనది. మధ్యప్రదేశ్‌లోని హోషంగాబాదు జిల్లాలో 1972నుంచి 2002 వరకు ప్రభుత్వ మాధ్యమిక పాఠశాలల పిల్లలు ప్రయోగాలు చేసి నేర్చుకున్నారు. పరీక్షలో పుస్తకం తెరిచి చూచుకునే స్వేచ్ఛ కూడా వారికి ఉండెను. కుప్పంలో 1999లో ఆరంభమైన అగస్త్య సంస్థ ప్రభుత్వ బడుల పిల్లలచేత చేతులారా ప్రయోగాలు చేయిస్తున్నది.

కాని శిబిరం పాడుకావటం కూడా తేలికే. పెద్దలు ప్రయోగం చేసి చూపి, పిల్లలు చుట్టూ నిలబడి చప్పట్లు కొడితే అది గారడీ. ముఖ్యమైనది నోటుబుక్కు. హైస్కూలు రికార్డు పుస్తకాల్లో లోలకం ప్రయోగానికి అందరికీ 980 వస్తున్నది. ఎవరికీ 940 రాదు. ఆ 940 వచ్చిన పిల్లవాడే నిజంగా ప్రయోగం చేసినవాడు, కాని దిద్ది రాయమని అతనికి మనమే నేర్పుతున్నాము. మార్కులు లేని వేసవి శిబిరంలో ఆ బెడద లేదు. అందుచేత మూడు నియమాలు పెట్టవచ్చును: కొలత తీసిన వెంటనే సిరాతో రాయవలెను, కొట్టివేసినది కూడా చదివేందుకు వీలుగా ఒక్క గీతతోనే కొట్టవలెను, పక్కవారి సంఖ్య చూడకముందే తన సంఖ్య చెప్పవలెను. మబ్బు పట్టి నీడ కనబడకపోతే మబ్బు పట్టినదనే రాయవలెను.

ఎండ సంగతి మరువరాదు. పని ఉదయం పది లోపల, సాయంత్రం అయిదు తరువాత. మధ్యాహ్నపు నీడకు పావుగంట చాలును. ఇద్దరిద్దరు చొప్పున వంతులు, తలకు గుడ్డ, చేతిలో నీళ్ళు. ఇంజనీరు చూసి పటిష్ఠమని చెప్పిన భాగంలో తప్ప పాత గోడల దగ్గరికి పిల్లలను పోనీయరాదు. పిట్టగోడ లేని బావి ఉంటే ఆ వైపు కంచె వేయవలెను.

మేలో శిబిరానికి రాలేని పిల్లలుంటారు. పొలంలో చేయిసాయం కావలసినవారు, తల్లిదండ్రులతో వలస పోయినవారు ఈ సీమలో తక్కువ కాదు. వారికి సూర్యుడు మరొక అవకాశం ఇస్తున్నాడు. దక్షిణాయనంలో తిరిగి దిగివస్తూ ఆగస్టు 7, 8 తేదీలలో అతడు మళ్ళీ ఆత్మకూరు నడినెత్తికి వస్తాడు. అప్పటికి బడి తెరిచి ఉండును. ఆ నెలలో సూర్యుడు గడియారంకన్నా దాదాపు ఆరు నిముషాలు వెనుకబడి ఉంటాడు కనుక నీడ మాయమయ్యే వేళ సుమారు 12 గంటల 24 నిముషాలు. వానాకాలం కనుక మబ్బు విడవకపోవచ్చును. రెండు రోజులూ కడ్డీ నిలిపి ఉంచవలెను.